పాడె ముందు తీన్మార్

ఇబ్రహీంపట్నంలో నాకు పూల దుకాణం ఉంది. పెళ్లికైనా చావుకైనా దండలు నా దగ్గరే కొంటారు. ఊళ్లో ఎవరు ఎవరి కోసం ఏడ్చారో, ఎవరు ఏడ్చినట్టు నటించారో నాకు బాగానే తెలుసు. టీవీ వాళ్లకంటే బాగా తెలుసు. వాళ్ల పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అయినా నేను చెప్పాల్సింది ముత్యాలు గురించి.

ముత్యాలు డప్పు కొడతాడు. వాళ్ల తాతా కొట్టాడు, నాయనా కొట్టాడు. పగలు మార్కెట్లో మూటలు మోస్తాడు. చావు కబురు వస్తే మూట దించి డప్పు అందుకుంటాడు. ఇంత గడ్డి ముట్టించి, డప్పు కాచి, ఒక్క దెబ్బ కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. బిడ్డ కృపారాణి నర్సు చదువుతోంది. "ఇగ బంద్ చెయ్ బాపు, సిగ్గయితుంది" అని ఆ పిల్ల అంటే, "నిన్ను సదివిపిచ్చింది గీ డప్పే. దానికి దండం పెట్టు" అంటాడు. మొండివాడు, ఎవరి దగ్గరా మాట పడడు.

మా వైపు పండుటాకు రాలితే డప్పు ఉండాల్సిందే. మనవలనూ మనవరాళ్లనూ ఎత్తుకుని, నిండుగా బతికి పోయిన ముసలివాళ్లను ఆడుతూ సాగనంపుతాం. ముందుగా కొడుకే ఆడాలి. ఆడకపోతే "తల్లిని ఉత్తగ తీస్కపోయిండు" అని ఊరంతా ఆడిపోసుకుంటుంది.

ఈదమ్మకు ఎనభై దాటాయి. మేకలకు ఆకు తెస్తానని మధ్యాహ్నం పోయిన మనిషి చీకటి పడ్డాక బాయిలో శవమై కనిపించింది. కాలు జారిందనుకున్నారు. పోలీసులు వచ్చి దవాఖానకు పంపించి, కోతలయ్యాక మర్నాడు శవాన్ని ఇచ్చారు. కొడుకు మల్లేశ్ ముత్యాలుకు కబురు పెట్టాడు. ఇద్దరూ చిన్ననాటి దోస్తులు. ఆ రోజు మల్లేశ్ పాడె ముందు ఆడాడు. దారిలో పాడె దించి చెవిలో పేరు పిలిచే చోట "అవ్వా" అని అరిచి మట్టిలో పడి పొర్లి ఏడ్చాడు. నేనూ ఆడాను. తిరుమల్ అయితే తువ్వాల పంట కరుచుకుని మరీ ఆడాడు. ఈ తిరుమల్ ప్లాట్ల బ్రోకరు, ఒకప్పటి వార్డు మెంబరు, ఊళ్లో మాట చెల్లేవాడు.

కొన్నాళ్లకు దవాఖాన రిపోర్టు వచ్చింది. ముసలమ్మ జారిపడలేదట, ఎవరో గొంతు నులిమి బాయిలో పడేశారట. సాగర్ రోడ్డు పక్కన ఈదమ్మ పేరు మీద కొంత భూమి ఉంది. అమ్ముదామని కొడుకు, అమ్మనని తల్లి నలుగురూ వినేట్టు కొట్లాడుకున్న మాట నిజమే. పోలీసులు మల్లేశ్‌ను పట్టుకుపోయారు. అంతవరకు నాకు కోపం లేదు. అనుమానం వస్తే అడగాల్సిందే కదా.

ఆ తర్వాత దిగింది చానెల్. చుట్టాల్లో ఎవరో ఫోన్లో పెట్టుకున్న వీడియో వాళ్లకు దొరికింది. అందులో ఆటను ఉంచుకుని ఏడుపును కోసి పారేశారు. "తల్లిని చంపి, శవం ముందు తీన్మార్" అని ఎర్రటి అక్షరాలు వేశారు. పొద్దున అదే, మాపున అదే. ఇలా ఆడేవాడి మెదడులో ఏముంటుందో స్టూడియోలో కూర్చున్న సూటాయన ఒకడు విడమరిచి చెప్పాడు. ఇంకా కడుపు మండే సంగతేమిటంటే, మైకు పట్టుకుని మా బజారుకు వచ్చిన నిశాంత్ ఎక్కడివాడో కాదు, తుర్కయాంజాల్ వాడే. వాడి తాత పోయినప్పుడు దండలు పంపింది నేనే. పాడె ముందు వాడు ఎగిరిన ఎగురుడు నా కళ్లతో చూశాను.

"మన రివాజు నీకు తెల్వదారా?" అని నిలదీశాను.

"తెలుసు కాకా. గట్ల చెప్తె ఎవ్వలు చూస్తరు?" అన్నాడు.

సిగ్గులేని వెధవ. కానీ వాడన్నట్టే అందరూ చూశారు. మీర్‌పేట్ కాలనీల్లో స్థిరపడ్డ మా చుట్టాలే ఫోన్ చేసి "మీ ఊళ్లె శవాల ముంగట ఎగురుతరంట గద, థూ" అన్నారు. వాళ్లు పుట్టింది ఈ ఊళ్లోనే! ఆ రోజు ఆడిన మగవాళ్లంతా ఒక్కొక్కరే ఫోన్లలోంచి వీడియోలు చెరిపేసుకున్నారు.

ఈదమ్మ చనిపోయిన మధ్యాహ్నం మల్లేశ్ ఎక్కడున్నాడో ఇద్దరికి తెలుసు. తిరుమల్ తన బిడ్డ ఫంక్షన్‌కు డప్పు మాట్లాడుకుందామని మల్లేశ్‌ను వెంటేసుకుని ముత్యాలు ఇంటికి వచ్చాడు. అక్కడి నుంచి ముగ్గురూ కల్లు కంపౌండుకు పోయి చీకటి పడేదాకా కూర్చున్నారు. మొదట్లో తిరుమలే రొమ్ము విరుచుకుని చెప్పాడు, "మల్లిగాడు నా పక్కనే ఉన్నడు. నేనే సాక్ష్యం" అని. మల్లేశ్ బతుకంతా ఆ మాట మీదే ఆధారపడి ఉంది.

కేసు ఏళ్ల తరబడి నడిచింది. వాయిదా పడ్డప్పుడల్లా చానెల్ ఆ వీడియోనే మళ్లీ తవ్వి తీసింది. ముత్యాలు బోనెక్కి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"కల్లు తాగారా?" అని అడిగాడు సర్కారు వకీలు.

"తాగిన సార్."

"తాగి ఉన్నవాడికి మధ్యలో ఎవరు లేచిపోయారో ఏం తెలుస్తుంది?"

అంతే, ముత్యాలు సాక్ష్యం గాలికి పోయింది. ఇక మిగిలింది తిరుమల్. తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. గేటు దగ్గర వరసగా నిలబడ్డ మైకులను చూసుకుంటూ లోపలికి నడిచాడు.

"మల్లేశ్ చీకటి పడేదాకా మీతోనే ఉన్నాడా?"

"జర సేపున్నడు సార్. తర్వాత నాకు యాదికి లేదు."

"మీ ఊళ్లో తల్లి చనిపోతే కొడుకు ఆడతాడా?"

తిరుమల్ తల దించుకున్నాడు. "మన తాన గట్ల ఆడరు సార్. గది వాని బుద్ధి."

వెనక బెంచీ మీది నుంచి ముత్యాలు లేచి "అబద్ధం! అందరికంటె ఎక్కువ ఆడింది నువ్వే!" అని అరిచాడు. అతన్ని బయటికి పంపించేశారు.

మల్లేశ్‌కు యావజ్జీవం పడింది. తీర్పులో ఆట ప్రస్తావనే లేదట. ఎందుకుంటుంది? అది చెయ్యాల్సిన పని అప్పటికే తిరుమల్ నాలుక మీద చేసి పెట్టింది. ఈదమ్మను చంపిందెవరో నాకు తెలియదు. మల్లేశ్‌ను పట్టుకున్నాక ఇంకొకరి కోసం వెతికినవాడూ లేడు. అప్పీలు ఇంకా నడుస్తోంది.

మొన్న తిరుమల్ నాయన కిష్టా పోయాడు. మునిమనవలను చూసిన మనిషి. దండలు చెప్పడానికి వచ్చిన తిరుమల్ నన్ను కూడా ముత్యాలు ఇంటికి లాక్కుపోయాడు.

"అన్నా, బాపు పోయిండు. నువ్వే కొట్టాలె."

"మన తాన ఆడరు గద," అన్నాడు ముత్యాలు.

"పాత ముచ్చట ఇప్పుడెందుకన్నా? నీ డప్పంటె బాపుకు పానం."

"నాకు మల్లిగాడంటె పానం. వాణ్ని తోల్కరా. వాడు ఆడితె కొడత."

ముత్యాలు భార్య యాదలక్ష్మి లోపలి నుంచి వచ్చి, మా ముఖాల మీదే తలుపు వేసింది.

నాదర్‌గుల్ నుంచి వేరే డప్పులు తెప్పించారు. పాడె లేచింది, దరువు మొదలైంది. తిరుమల్ తువ్వాల నడుముకు బిగించి కాలు లేపాడు. అప్పుడు కనిపించాడు ముత్యాలు, చౌరస్తాలో ఒక అరుగు మీద నిలబడి. చేతిలో డప్పు లేదు. ఫోన్ ఉంది. దాన్ని సూటిగా తిరుమల్ ముఖానికి గురిపెట్టి పట్టుకున్నాడు.

"ఆడన్నా!" అన్నాడు అందరికీ వినబడేట్టు. "కొడుకు ఆడకుంటె మీ బాపు ఉత్తగ పోతడు."

తిరుమల్ లేపిన కాలు కిందపెట్టాడు. వెనకున్నవాళ్లు కూడా ఆగిపోయారు. డప్పులవాళ్లు కాసేపు కొట్టి, ఆడేవాడు లేక ఊరుకున్నారు. కిష్టా శ్మశానం దాకా చెప్పుల చప్పుడుతోనే పోయాడు.

నేను వెనకబడి ముత్యాలు దగ్గరకు వెళ్లాను. "మొత్తం వచ్చిందా వీడియోల?" అని అడిగాను.

అతను ఫోన్ నా చేతిలో పెట్టాడు. పాత బటన్ల ఫోను. దానికి కెమెరానే లేదు.