మైకు కుదిరిన రోజు

పెళ్ళి బ్యాండులో శాక్సఫోన్ ఊదేవాడి బుగ్గలు అందరికీ కనబడతాయి, ఊదుడు మాత్రం ఎవరికీ వినబడదు. ముందు డ్రమ్ములు, వెనక బాకాలు. మధ్యలో ఎంత ప్రాణం పెట్టి ఊదినా చెవి దగ్గర దోమ పాడినట్టే. మన బూర మామయ్య జీవితమంతా అలాగే ఊదాడు. వీధి పిల్లలు పెట్టిన పేరది, పెద్దవాళ్ళకీ అదే అలవాటైపోయింది. ఏ పెళ్ళి వీడియో తిప్పి చూసినా ఆయన బుగ్గలున్నాయి, పాట లేదు.

"నిజంగా ఊదుతారా, లేకపోతే బుగ్గలు పొంగించి భోంచేసి వచ్చేస్తారా?" అని భార్య ఏడిపించేది.

ఆయన నవ్వేసేవాడు. నవ్వాడంటే నొప్పి లేదని కాదు.

ఆయనకి సొంత బాణీ ఒకటుండేది. పెళ్ళివారు వెళ్ళిపోయి, డ్రమ్ములు వ్యాను ఎక్కాక, ఖాళీ హాల్లో ఒక్కడే నిలబడి ఊదుకునేవాడు. కుర్చీలు సర్దేవాళ్ళు తప్ప దాన్ని విన్నవాళ్ళు లేరు. వాళ్ళకి మాత్రం వినే తీరికెక్కడిది? ఇంట్లో ఊదుదామంటే పై వాటాలో ఉండే పెద్దమనిషి చేతికర్రతో నేల పొడిచేవాడు. అలా కట్టుకున్న భార్య కూడా దాన్ని వినలేదు.

అలాంటి మనిషికి పళ్ళ డాక్టరమ్మ కబురు చెప్పింది. "చిగుళ్ళు పట్టు వదిలేశాయండీ. పై పళ్ళన్నీ తీసెయ్యాల్సిందే."

శాక్సఫోన్ ఊదేటప్పుడు పై పళ్ళు నోట్లో పెట్టుకునే మౌత్‌పీసు మీద ఆనాలి, కింది పెదవి దాని అడుగున ఉండే పల్చటి బద్దని, అంటే రీడును పట్టుకోవాలి. ఆ పట్టులోనే స్వరమంతా ఉంది. కట్టుడు పళ్ళతో ఊదేవాళ్ళూ ఉన్నారని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది గానీ, ఆయనకి ఆ మాట చెవికెక్కలేదు. కొంచెం గడువిమ్మని బతిమాలి ఇంటికొచ్చాడు.

"ఒక్కసారి, నా ఊదుడు ఒక్కటే రికార్డు చేసుకోవాలే," అన్నాడు భార్యతో. "మొదటి నుంచి చివరిదాకా. ఇంకే చప్పుడూ ఉండకూడదు."

ఏదో అనబోయిన ఆవిడ ఆయన మొహం చూసి, తమ్ముడికి ఫోను చేసింది.

బావమరిది సభలకీ సమావేశాలకీ మైకులు పెట్టేవాడు. అక్క పిలవగానే వైర్లు భుజాన వేసుకుని దిగాడు. పడకగదిలో పరుపు లేపి గోడకి నిలబెట్టారు. కిటికీకి దుప్పట్లు కట్టారు. పై వాటా పెద్దమనిషిని కొన్నాళ్ళు ఓర్చుకోమని బతిమాలారు. బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచారు, బట్టలు శబ్దాన్ని మింగుతాయట. కంప్యూటర్ దగ్గర భార్య కూర్చుంది. ఎర్ర చుక్క నొక్కి "ఆఁ, ఊదండి" అనడం ఆవిడ పని.

మొదట సభల మైకు పెట్టారు. బూర నోటికి ఎదురుగా పెడితే కింది స్వరాలు గుర్రుమన్నాయి, పైవి సగం ఎగిరిపోయాయి. శాక్సఫోన్ శబ్దం నోట్లోంచి మాత్రమే రాదు, ఒంటినిండా ఉన్న కన్నాల్లోంచీ వస్తుంది. వెనక్కి జరిపితే ఊదుడు సన్నబడి, గది మోత ముందుకొచ్చింది. తన బాణీలో మొదటి వరుస ఊదగానే "కాదు, ఆపెయ్" అన్నాడు మామయ్య.

తర్వాత స్టూడియోలవాళ్ళు వాడే కండెన్సర్ మైకు తెచ్చాడు బావమరిది. అది మీటల టకటకలు పట్టింది, ఆయన ఆయాసం పట్టింది, వంటింట్లో ఫ్రిజ్ మూలుగు పట్టింది, పై వాటా దగ్గు కూడా పట్టింది.

"ఇది మైకా, పక్కింటి ముసలమ్మా? ఒక్కటీ వదలదేం?" అన్నాడు మామయ్య.

ఫ్రిజ్ ఆపేశారు. మళ్ళీ వెయ్యడం మరిచిపోయారు. మర్నాడు పాలు విరిగి, భార్య ఇద్దరికీ కలిపి తలంటింది. ఆయనకి అవేవీ పట్టలేదు. కంప్యూటర్‌కీ మైకుకీ మధ్య పెట్టే డబ్బా మార్చారు, స్టాండు మార్చారు, గది మార్చారు. ప్రతిసారీ "ఆఁ, ఊదండి", మొదటి వరుస, "కాదు, ఆపెయ్".

"బావా, నీ పళ్ళు ఊగుతున్నాయి, నువ్వేమో మైకులకి వంకలు పెడుతున్నావు," అని విసుక్కున్నాడు బావమరిది.

నిజమే, చాదస్తమే. కానీ దొరికినదాంతో సరిపెట్టుకుంటూ జుట్టు నెరిసిన మనిషి, ఈ ఒక్కదానికి మాత్రం సరిపెట్టుకోలేకపోయాడు. అంతకన్నా నేను ఆయన్ని వెనకేసుకు రాలేను.

చివరికి, మూతపడ్డ స్టూడియోలో పనిచేసిన ముసలాయన దగ్గర రిబ్బన్ మైకు అరువు దొరికింది. "లోపల పల్చటి రేకు ఉంటుంది. గాలి తగిలిందా, పోయినట్టే. దూరంగా, కాస్త పక్కకి పెట్టి ఊదుకోండి," అని ఆయన బావమరిదికి ఒకటికి పదిసార్లు చెప్పి ఇచ్చాడు.

దూరంగానే, పక్కకే పెట్టారు. మామయ్య హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వింటూనే మొదటి వరుస ఊదాడు. విని, అలాగే మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. ఖాళీ హాల్లో తన చెవికి వినబడేది అదే. మెత్తగా, కాస్త బొంగురుగా, తన గొంతులాగే ఉంది. తను నిజంగానే ఊదేవాడన్నమాట. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే పై వాటాలో ఎవరో మేకులు కొట్టడం మొదలెట్టారు. చిగుళ్ళు కూడా సలుపుతున్నాయి. మైకు కుదిరింది కదా, ఇంకేం తొందర అనుకున్నారు అందరూ.

మర్నాడు బావమరిది వచ్చి స్టాండు సరిచేశాడు. వైరు గుచ్చాడు. ఏళ్ళ తరబడి ప్రతి సభలోనూ చేసినట్టే, మైకు మీదికి వంగి, "ఫూ, ఫూ. హలో, మైక్ టెస్టింగ్," అన్నాడు.

అన్నాక గానీ ఏం చేశాడో తెలియలేదు. హెడ్‌ఫోన్స్‌లో కాగితం నలిపినట్టు ఒక చప్పుడొచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు.

"అలవాటు, బావా," అన్నాడు నేల మీద కూలబడి. "నోటికొచ్చేసింది."

మామయ్య తిట్టలేదు. తిడితే బాగుండునని బావమరిదికి అనిపించింది.

"మామూలు మైకుతో ఊదెయ్ బావా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నిన్న విన్నాక, దాంతో ఎలా ఊదమంటావురా?"

బాగుచేసేవాడు రేకు వేరే ఊరి నుంచి రావాలన్నాడు. ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని ఎదురుచూస్తూ, నోటి పట్టు పోకుండా మామయ్య రోజూ కాసేపు, బాణీ జోలికి పోకుండా, ఉత్త స్వరాలే సాధన చేసేవాడు. ఒకరోజు మౌత్‌పీసు నోట్లోంచి తీస్తే, దాన్ని అంటుకుని ముందు పన్ను కూడా వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని భార్యకి చూపించాడు. మిగిలినవి డాక్టరమ్మ తీసేసింది.

కట్టుడు పళ్ళు వచ్చాక ఒకసారి ఊదిచూశాడు. పై పళ్ళ సెట్టు అంగిలిని వదిలి జారింది, బూర కీచుమంది. బూరని పెట్టెలో పెట్టి మంచం కిందికి తోసేశాడు.

తప్పు చేసినవాడికి చేతులు ఊరుకోవు కదా. బావమరిది అన్నాళ్ళ టెస్టింగులూ ఏరి, వరసగా కలిపి తెచ్చి వినిపించాడు. ముక్కలతో ఒక పాటైనా అవుతుందేమోనని వాడి ఆశ. ఎన్ని కలిపితే ఏం లాభం? అన్నీ ఆ మొదటి వరుసే. "ఆఁ, ఊదండి." వరుస. "కాదు, ఆపెయ్." మళ్ళీ అదే, మళ్ళీ అదే.

చిట్టచివర రిబ్బన్ మైకు ముక్క వచ్చింది. భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. స్వరం నెమ్మదిగా పైకి లేచి, ఏదో చెప్పబోతున్నట్టు ఒక్క క్షణం ఆగింది. అక్కడ మామయ్య గొంతు, సంతోషం పట్టలేకుండా ఉంది: "ఇదే! చాలు, ఆపెయ్. మిగతాది రేపు ఊదుతా."

కంప్యూటర్ ఆగిపోయింది.

"ఆ తర్వాత ఎలా ఉంటుందండీ?" అని అడిగింది భార్య.

పాడి వినిపిద్దామని నోరు తెరిచాడు. కట్టుడు పళ్ళ సందుల్లోంచి గాలి వచ్చింది గానీ, స్వరం రాలేదు. నోరు మూసుకున్నాడు.

"ఆ తర్వాతే బాగుంటుంది," అన్నాడు.