బీరువాలో పెట్టిన కొత్త బ్యాట్లు

1986 జూన్ 16న కొత్తకోటకు దగ్గరలోని ఒక ఊళ్ళో, బాలికల ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చేరాను. అది నా మూడో పోస్టింగ్. కాగితాల్లో మా హోదా పి.ఇ.టి. వరుసలో సబ్జెక్టు టీచర్ల తర్వాతే మేము. ప్రార్థన దగ్గర విజిల్ ఊదడం, డ్రిల్లు చేయించడం, ఎవరైనా సెలవు పెడితే ఆ తరగతిలో కూర్చుని పిల్లల్ని అల్లరి చేయకుండా చూడడం, ఇంతే మా పని అని చాలామంది అనుకునేవారు. అసలు పని వానాకాలంలో ఉండేది. ఆగస్టులో జోనల్ పోటీలు, సెప్టెంబరులో జిల్లా పోటీలు. ఏ టీచరు ఏం నేర్పిందో ఆ రెండు నెలల్లో అందరి ముందూ తేలిపోయేది.

నా ఆట బాల్ బ్యాడ్మింటన్. ఇప్పటి పిల్లల్లో చాలామంది చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. పెద్ద నిమ్మకాయంత పసుపుపచ్చని ఉన్ని బంతి. మట్టి కోర్టు, మధ్యలో వల, జట్టుకు అయిదుగురు. ఇరవై తొమ్మిది పాయింట్లకు ఒక గేమ్. మూడింటిలో రెండు గెలిచినవారిది మ్యాచ్. పుస్తకాల్లో రాకెట్ అని ఉన్నా మేమందరం బ్యాట్ అనే అనేవాళ్ళం. చెక్క ఫ్రేము, దానికి గట్ అనే తీగతో అల్లిక. వానాకాలం తేమకు గట్ వదులవుతుంది, ఫ్రేము వంకరపోతుంది. అలా కాకుండా నాలుగు మూలలా మరలు బిగించే చెక్క చట్రంలో పెట్టి ఉంచాలి. దాన్ని ప్రెస్ అంటారు. నేను చేరిన బడిలో బ్యాట్లు ఉన్నాయి, ప్రెస్‌లు లేవు. బ్యాట్ల ఆకారం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

మా జిల్లాలో ఒక ఆనవాయితీ ఉండేది. జిల్లా పోటీల్లో ఏ బడి గెలిస్తే, రాష్ట్రస్థాయికి వెళ్ళే జిల్లా జట్టుకు ఆ బడి పి.ఇ.టి.నే కోచ్‌గా వేసేవారు. మొత్తం సర్వీసులో ఒక పి.ఇ.టి.కి దొరికే గుర్తింపు దాదాపు అదొక్కటే. అది నాకు కావాలి. 1987లో అది షానాజ్ బేగానికి వెళ్ళింది. 1988లో మళ్ళీ ఆమెకే వెళ్ళింది.

షానాజ్ జడ్చర్ల వైపు ఒక బడిలో పి.ఇ.టి.గా చేసేది. ట్రైనింగ్ కాలేజీలో మాది ఒకే గది. థియరీలో నాకు ఆమె కంటే పద్దెనిమిది మార్కులు ఎక్కువ, ప్రాక్టికల్స్‌లో మూడు ఎక్కువ. ఆమె టైముకు రాదు. హాజరు పట్టీ నెలాఖరున ఒకేసారి నింపుతుంది. విజిల్ ఎక్కడో పారేసుకుని రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేస్తుంది. నేను లెసన్ ప్లాన్ రాయకుండా ఒక్క రోజు కూడా గ్రౌండ్‌లోకి దిగలేదు. అయినా పేరు ఆమెదే. జిల్లా సమావేశాల్లో అందరూ ఆమె పక్క కుర్చీ కోసం చూసేవారు.

దీనికి కారణం నాకు స్పష్టంగా కనబడింది. 1987 జూన్‌లో జడ్చర్ల రోడ్డు మీది ఒక కారఖానా యజమాని వాళ్ళ బడికి ఆరు మేలురకం బ్యాట్లు, ప్రెస్‌లతో సహా దానం చేశాడు. అంతకు ముందు ఆమె జట్టు జోనల్ కూడా దాటలేదు. బ్యాట్లు వచ్చాయి, కప్పు వచ్చింది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

1988 ఫైనల్ రోజు నేను సెమీస్‌లోనే ఓడి, కోర్టు పక్కన నిలబడి ఉన్నాను. షానాజ్ నా దగ్గరికి వచ్చింది.

"ఏంది సుశీలా, నా పిల్లల ఆట చూస్తున్నవా, నా బ్యాట్లు చూస్తున్నవా?"

"గసొంటియి నాకుంటె నీ సంగతి చెప్తుంటి."

"ఉంటె తెచ్చుకో. నీయి నేనేమన్న గుంజుకున్ననా? జర నవ్వు, ఫొటో తీస్తున్నరు."

ఆ ఫొటో మా ఇంట్లో ఉంది. అందులో నేను నవ్వలేదు.

తిరిగి రాగానే హెడ్‌మిస్ట్రెస్ కమలమ్మ మేడంకు దరఖాస్తు పెట్టాను. పిల్లల ఆటల ఫీజు నుంచి సామాను కొనాలంటే మూడు దుకాణాల నుంచి కొటేషన్లు తెప్పించాలి, అతి తక్కువ ధర చెప్పినవాడి దగ్గరే కొనాలి. తక్కువ ధరవాడు నాసిరకం బ్యాట్లు ఇస్తాడని, నాకు కావలసిన రకం, గట్ మందం, ఫ్రేము బరువు ముందే దరఖాస్తులో రాశాను. షానాజ్ బ్యాట్ల మీద ఉన్న వివరాలనే అక్షరం పొల్లుపోకుండా రాశాను. 1989 జూలైలో ఆరు బ్యాట్లు వచ్చాయి. విప్పగానే గదంతా వార్నిష్ వాసన. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

మర్నాడు వాటిని స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి హెడ్‌మిస్ట్రెస్ గదిలోని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇది మా బడి ఒక్కదాని పద్ధతి కాదు. రిజిస్టర్‌కెక్కిన వస్తువు విరిగితే ఎవరి చేతిలో విరిగిందో రాయాలి, సంజాయిషీ ఇవ్వాలి, తనిఖీకి వచ్చే అధికారికి ముక్కలు చూపించాలి. అందుకని ఏ బడిలోనైనా కొత్త సామాను ముందు బీరువాలోకే పోయేది. మా సైన్సు టీచరు మైక్రోస్కోపు మూడేళ్ళు గుడ్డ ముసుగులోనే ఉంది.

"పోటీల నాడు తీద్దాం సుశీలా. గీ పోరీల చేతులల్ల పెడితె దసరా దాక ఒక్కటి మిగలది" అన్నారు కమలమ్మ మేడం.

నాకూ అదే సరైనదనిపించింది. ఫైనల్ నాటికి గట్ కొత్తగా, బిగువుగా ఉంటుంది.

మా జట్టు కెప్టెన్ అంజమ్మ, పదో తరగతి, నేతవాళ్ళ పిల్ల. వెనక వరుసలో ఆడేది. రోజూ ప్రాక్టీసు కాగానే హెడ్‌మిస్ట్రెస్ గది గుమ్మం దగ్గర ఆగేది.

"టీచర్, ఒక్కపారి చేతుల పట్టుకుంట. కొట్ట."

"కొట్టనప్పుడు పట్టుకొని ఏం జేస్తవే?"

"బరువు జూస్త."

"ఫైనల్ల చూద్దువు. ముందు ఫైనల్‌కు రా."

వచ్చింది. పాత వంకర బ్యాట్లతోనే జోనల్ గెలిచాం. సెప్టెంబరులో మహబూబ్‌నగర్‌లో జిల్లా పోటీలు. సెమీస్ కూడా పాతవాటితోనే గెలిచాం. ఫైనల్ షానాజ్ జట్టుతో. ఆ ఉదయం కమలమ్మ మేడం స్వయంగా వచ్చి బ్యాట్ల కట్ట విప్పారు.

అవతల షానాజ్ పిల్లలు తమ బ్యాట్లు తీశారు. రెండేళ్ళ వాడకంలో వార్నిష్ పూర్తిగా పోయింది. పిడులకు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి. ఒకదాని ఫ్రేముకు దారంతో కట్టు కట్టారు. ప్రెస్‌లలో ఉంచడం వల్ల గట్ మాత్రం ఇంకా బిగువుగానే ఉంది. మూడేళ్ళుగా ఆమెను చూసి కుళ్ళుకున్నాను. ఒక్క పూటైనా ఆమె నన్ను చూసి కుళ్ళుకోవాలని ఆ నిమిషం కోరుకున్నాను. షానాజ్ మా బ్యాట్లలో ఒకటి చేతిలోకి తీసుకుని గట్ మీద గోటితో మీటి చూసింది. "మంచిగున్నయి" అని తిరిగి ఇచ్చేసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. అది కూడా నాకు కష్టంగానే తోచింది.

మొదటి గేమ్ 29–11తో ఓడిపోయాం.

కారణం సాంకేతికమైనది. వదులు గట్ మీద బంతి కొంచెం లోపలికి దిగి, ఆ ఊపుతో ఎగిరి పోతుంది. చేయి కాస్త ఆడిస్తే చాలు, వెనక గీత దాకా వెళుతుంది. బిగువు గట్ మీద బంతి తగిలీ తగలగానే విడిపోతుంది. గురి కుదురుతుంది కాని, దూరం పంపాలంటే చేతి బలమే పెట్టాలి. మా పిల్లలు మూడేళ్ళుగా వదులు గట్‌కు అలవాటుపడ్డారు. అదే కొలతతో కొట్టారు, బంతులన్నీ వలలో పడ్డాయి.

అంజమ్మ చెమట తుడుచుకుంటూ వచ్చింది. "టీచర్, గీ బ్యాట్ నా మాట ఇంటలేదు. మన పాతయి ఇయ్యుండ్రి."

"గింత పెట్టి కొన్నంక మల్ల పాతయా? అందరు చూస్తున్నరు!" అన్నారు వెనక కుర్చీలోంచి కమలమ్మ మేడం.

పాతవి ఇచ్చాను. రెండో గేమ్ 29–27. ఓడిపోయాం. కోచ్ పేరు మూడోసారి షానాజ్‌దే అయింది.

కప్పు ఇచ్చేశాక నేను ఆమె దగ్గరికి వెళ్ళి, మొదటినుంచీ పాత బ్యాట్లతో ఆడి ఉంటే మేమే గెలిచేవాళ్ళమని చెప్పాను. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. నవ్వింది.

"గట్లనా? దా, చూద్దాం."

వలకు అవతల, కోర్టు వెనక మూలలో సున్నంతో ఒక చదరం గీయించింది. ముందు అంజమ్మ, తర్వాత షానాజ్ జట్టు వెనక వరుస ప్లేయర్, మా పాత బ్యాటుతో పది, కొత్తదానితో పది బంతులు ఆ చదరంలోకి కొట్టాలి. అంజమ్మ పాత బ్యాటుతో ఏడు వేసింది, కొత్తదానితో మూడు. షానాజ్ పిల్ల మా కొత్త బ్యాటుతో ఎనిమిది వేసింది. మా పాతదానితో కొట్టిన బంతుల్లో రెండు మాత్రమే చదరంలో పడ్డాయి, మిగతావి గీత దాటి పోయాయి. అంటే మా వంకర బ్యాట్లతో ఆడాల్సి వస్తే ఆమె జట్టూ ఓడేది.

అక్కడితో ఆపమన్నాను. షానాజ్ ఆపలేదు. "కొట్టనియ్యి" అని అంజమ్మ చేతిలో కొత్త బ్యాటే ఉంచింది. గ్రౌండ్‌లో షామియానా విప్పేదాకా అంజమ్మ కొడుతూనే ఉంది. చివరికి పదింటిలో ఆరు చదరంలో పడుతున్నాయి. అంతకన్నా నన్ను ఆకట్టుకున్నది వాటి వేగం. పాత బ్యాటుతో అంజమ్మ ఎన్నడూ అంత గట్టిగా కొట్టలేదు.

"మా పోరీలయి గూడ మొదట నెల రోజులు వలలనే పడ్డయి" అంది షానాజ్. "బ్యాట్లొచ్చిన నాడే నేను చేతికిచ్చిన."

"మరి ఇరిగితె?"

"ఇరిగినయి, రెండు. ఒకదానికి కట్టు గట్టి ఆడిపిస్తున్న. సంజాయిషీ రాసిన. మా హెడ్‌మాస్టర్ తిట్టిండు. తిడితె ఏమాయె? ఇంటికి వొయ్యి బువ్వ తినలేదా?"

బ్యాట్ల మీద నాకున్న ఈర్ష్య ఆ పూటతో పోయింది. తిట్లు తిని ఇంటికి పోయి నిశ్చింతగా అన్నం తినగల ఆమె స్వభావం మీద అంతకంటే పెద్దది మొదలైంది. బ్యాట్లయితే కొటేషన్లు పిలిచి కొనుక్కోవచ్చు.

1990 జూన్‌లో బడి తెరవగానే, బ్యాట్లను రోజువారీ ప్రాక్టీసుకు ఇవ్వాలనీ, విరిగితే వాడుకలో జరిగిన నష్టంగా రాయాలనీ లిఖితపూర్వకంగా కోరాను. కమలమ్మ మేడం వారం రోజులు నాన్చి సంతకం చేశారు. ఆగస్టులో ఒకటి విరిగింది. సర్వీసులో మొదటిసారి సంజాయిషీ రాశాను. ఎవరూ ఏమీ అనలేదు. అంజమ్మ పది పాసై వెళ్ళిపోయినా, సెప్టెంబరులో జిల్లా ఫైనల్ వరుస గేముల్లో గెలిచాం. జిల్లా జట్టు కోచ్‌గా నా పేరుతో ఉత్తర్వు వచ్చింది.

అయితే ఆ జూలైలోనే షానాజ్ తన భర్త ఉద్యోగరీత్యా నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ వైపు బదిలీ చేయించుకుంది. ఆమె పాత బడికి ఆ ఏడాది పి.ఇ.టి.నే వేయలేదు. వాళ్ళ జట్టు జోనల్‌లోనే పోయింది.

అక్టోబరులో జడ్చర్ల బస్టాండులో కలిసింది. కిరాయి ఇల్లు ఖాళీ చేసి, మిగిలిన సామాను తీసుకుపోవడానికి వచ్చింది. చేతిలో స్టవ్వు, భుజాన చాప.

"కోచ్ అయినవట గద! నేను లేని జాగల."

"నువ్వున్న గూడ గెలుస్తుంటి."

"గది నీకూ తెల్వది, నాకూ తెల్వది" అని నవ్వి, స్టవ్వు నా చేతికిచ్చి బస్సెక్కి, కిటికీలోంచి చేయి చాపి తీసుకుంది.

రాష్ట్ర పోటీల్లో రెండో రౌండులో ఓడిపోయాం. ఆ తర్వాత పదిహేడేళ్ళు సర్వీసు చేశాను. జట్టు గెలిచిందీ ఉంది, ఓడిందీ ఉంది. షానాజ్ జట్టుతో మాత్రం మళ్ళీ తలపడలేదు.

మంచి బ్యాటుతో ఆట మెరుగవుతుందా అని కొత్తగా చేరిన పి.ఇ.టి.లు నన్ను అడిగేవారు. మెరుగవుతుంది, కాని అది చేతికి అలవాటు కావడానికి కనీసం ఒక నెల పడుతుంది, ఆ నెలలో ఆట తగ్గుతుంది, ఒకటో రెండో విరుగుతాయి, అది లెక్కలో వేసుకోవాలి అని చెప్పేదాన్ని. రెండోది: ఒక సీజన్‌లో ఒక్కదాన్నే మార్చాలి. 1990లో మా బ్యాట్లు బీరువా దాటాయి, అదే ఏడాది ఎదుటి కోర్టులోంచి షానాజ్ పోయింది. ఆ రెండిట్లో దేనివల్ల గెలిచానో నాకు తెలియదు.