కోటమ్మ మోచెయ్యి

1964లో నేను నెల్లూరులో ఆడవాళ్ల ట్రైనింగ్ స్కూల్లో డ్రిల్లు టీచర్ని. టీచరు ఉద్యోగానికి చదివే ఆడపిల్లలకు ఆటలు నేర్పడం నా పని. ఆ ఏడాది వార్షికోత్సవంలో విలువిద్య పోటీ పెట్టాలని హెడ్‌మిస్ట్రెస్‌గారు ముచ్చటపడ్డారు. మేదరాయన చేత ఆరు వెదురు విల్లులూ వాటికి బాణాలూ చేయించి, పుస్తకం చూసి నేను నేర్చుకుంటూ పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను.

వాళ్లలో కోటమ్మ మైపాడు దగ్గర చేపలు పట్టే కుటుంబం నుంచి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి, నాకంటే జానెడు పొడుగు. అందరికంటే బలమున్నదీ తనే, అందరికంటే అధ్వాన్నంగా వేసేదీ తనే. బాణం వదిలిన ప్రతిసారీ అల్లెతాడు ఎడమ ముంజేతిని చెళ్లుమని కొట్టేది. వారం తిరిగేసరికి ఆ చెయ్యి కమిలి నల్లబడింది.

బౌ ఆర్మ్, అంటే విల్లు పట్టుకున్న చెయ్యి, కర్రలా బిగబట్టమని రోజూ చెప్పేదాన్ని. ఎంత బిగిస్తే అంత గట్టిగా తగిలేది. పోటీకి పది రోజులుందనగా, ఆమె పేరు తీసేద్దామని పిలిచాను. తను వాదించలేదు. ఒక్క మాట అడిగింది.

"టీచరమ్మా, మోచెయ్యి బిగించాల్సిందేనా? కాలవలో పడవకి గడ వేసేటప్పుడు మేమెవురమూ బిగించం. బిగిస్తే మోచెయ్యి లోపలికి తిరిగి భుజం పట్టుకుంటుంది."

"ఎట్టా వేస్తారో చూపించు," అన్నాను.

గోడకు అరచెయ్యి ఆనించి తోసింది. చెయ్యి చాచే ఉంది గానీ బిగుసుకోలేదు. మోచేతి మొన నేలవైపు కాకుండా పక్కకు తిరిగింది. ముంజేతి కండ తాడు దారిలోంచి తప్పుకుంది. వెంటనే విల్లు చేతికిచ్చి, గడను తోసినట్టే దాన్ని తోసి బాణం వదలమన్నాను. తాడు చేతిని తాకకుండా పోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాం.

అయినా బాణం దూరం పోలేదు. తాడును దవడదాకా లాగకుండా మధ్యలోనే ఆపేస్తోంది. ఎందుకని అడిగితే, ఇంకాస్త లాగితే బాణం మొన విల్లు దాటి తన వేళ్లమీదికి వస్తుందని చెప్పింది. బాణమే ఆమెకు పొట్టిదని అప్పుడు అర్థమైంది. తాడును పూర్తిగా లాగినప్పుడు విల్లు పిడికీ తాడుకూ మధ్య ఉండే దూరం డ్రా లెంగ్త్. చేతులు పొడుగైనవాళ్లకు అది ఎక్కువ. కొలిస్తే కోటమ్మకు నాకంటే నాలుగు వేళ్లు ఎక్కువ వచ్చింది. మేదరాయన మర్నాడే పొడుగు బాణాలు చేసిచ్చాడు.

పోటీ రోజు ఒక్కొక్కరికీ ఆరు బాణాలు. కోటమ్మ మొదటిది పక్కకు పోయింది. మిగతా ఐదూ గురిగా పెట్టిన గడ్డిమోపులో దిగబడ్డాయి. మొదటి బహుమతి ఆమెదే. బజారులో చేపలమ్మి వచ్చిన వాళ్లమ్మ గంప గేటు దగ్గరే దించి, నేరుగా వచ్చి కూతురి ముంజెయ్యి తిప్పి చూసింది.

"తాడు తగల్లేదుగా?" అని నన్ను అడిగింది.

హెడ్‌మిస్ట్రెస్‌గారు ఆమెనూ ఒక బాణం వెయ్యమన్నారు. కొంగు దోపి వేసింది. అది గడ్డిమోపు మీదుగా పోయి కంచెలో గుచ్చుకుంది. అందరికంటే గట్టిగా ఆమే నవ్వింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ఉద్యోగం చేశాను. ఎవరికి విల్లు ఇచ్చినా ముందు చేతులు కొలిచేదాన్ని, ఇంటి దగ్గర ఆ చేతులతో ఏ పని చేస్తారో అడిగేదాన్ని. కోటమ్మ చేతిలో ఏ లోపమూ లేదు. నా చేతి కొలతతో అందరికీ బాణాలు కోయించింది నేను.