చెప్పు జారినా తెలియని కాలు

ఆ రోజు మార్కెట్ నుంచి కూరగాయలు తీసుకుని ఇంటికి వచ్చేసరికి నా ఎడమ కాలికి చెప్పు లేదు. మా ఆయన గడపలోనే చూసి, "ఏమే, ఇంకో సెప్పు యాడ?" అన్నాడు.

"ఎవురో కొట్టేసినారు."

"నడిచే కాలి నుంచా? ఒంటి సెప్పు దొంగ మన తిరపతిలో ఉండాడా?"

ఆయన నవ్వాడు. కాలు మొద్దుబారిందని నాకు అప్పుడే తెలిసింది. ఇది తొంభైల చివరి మాట.

రక్తపరీక్షలో షుగర్ బయటపడింది. డాక్టరు పాదానికి సన్నటి తీగ ఆనించి చూసి, "న్యూరోపతి మొదలైంది, కాలి నరాలు మొద్దుబారుతున్నాయి. రోజూ నడవండి. అలవాటయ్యాక మెల్లగా పరుగెత్తండి. బూట్లు లేకుండా మాత్రం వద్దు" అన్నాడు. ఫలానా అంగట్లో దొరుకుతాయని కూడా చెప్పాడు. ఆ అంగడివాడు ఈయన బావమరిది అయ్యుంటాడని నా అనుమానం.

బూట్లు కొన్నాను గానీ, నేను నడకకు పోయే అలిపిరిలో వేసుకోలేదు. మెట్లెక్కేవాళ్ళంతా ఒట్టి కాళ్ళతో పోతుంటే, కొండ పాదాల దగ్గర నాకొక్కదానికి బూట్లా? వాటిని సంచిలో పెట్టుకుని నెలరోజులు నడిచాను, తిట్టుకుంటూ కొంచెం పరుగెత్తాను.

ఒకనాడు వంటింట్లో ఎర్రటి మరకలు. కుంకుమ ఒలికిందనుకుని తుడిచాను. తుడిచినచోటే మళ్ళీ మరక పడింది. చూస్తే నా బొటనవేలి కింద పుండు. నొప్పే లేదు.

"ఇంకో వారం ఆగుంటే వేలు తీసేసేవాళ్ళం" అన్నాడు డాక్టరు. బావమరిది అనుమానాన్ని మింగేశాను. పుండు మానేదాకా రోజూ డ్రెస్సింగ్.

డాక్టరు సరేనన్నాకే ఇస్కూలు మైదానంలో, చీర ఎత్తికట్టి, బూట్లతో మళ్ళీ మొదలుపెట్టాను. కొళాయి దగ్గర ఒకామె, "ఏమక్కా, పోలీసు సెలక్షన్‌కు పోతా ఉండావా?" అంది.

"అవును మే, మొదట నిన్నే పట్టుకపోతా!"

కొన్నాళ్ళకు ఒక పొద్దున పరుగెత్తుతుంటే ఒళ్ళు దూదిలా తేలికైంది. ఆగబుద్ధి కాలేదు. నాకు భయమేసింది. ఇది లో షుగరేమోనని నేరుగా ఆస్పత్రికి పోయాను. పరీక్షలో అంతా నార్మల్.

"చెమటలు పట్టి చేతులు వణికాయా?"

"లేదు సార్. ఇంకో రౌండు కొట్టాలనిపించింది, అంతే."

"అయితే పోయి కొట్టండమ్మా" అన్నాడు.

ఇప్పుడు రోజూ పరుగెత్తుతున్నాను. వాన పడి మైదానం తడిస్తే నాకు కోపం వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. సాయంత్రం అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోండి. కాలు బాగానే ఉన్నానంటుంది. దాని మాట నమ్మొద్దు.