నెరెయిదా గొంతు మింగిన పెట్టె

ఆ కార్ఖానాలో చుట్టలు చుట్టేవాళ్ళకి చేతుల నిండా పని, చెవులు మాత్రం ఖాళీ. ఆ ఖాళీని ఏళ్ళ తరబడి నింపుతూ వచ్చింది నెరెయిదా పోసో. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల. ఎత్తైన చెక్క అరుగు మీద కుర్చీ వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, హాలు చివరి బల్లకి వినిపించేలా చదివేది. క్యూబాలో పొగాకు పండే పినార్ దెల్ రియో వైపు ఇది పాత ఆనవాయితీ. చదివే మనిషిని ఆఫీసువాళ్ళు పెట్టరు, చుట్టేవాళ్ళే ఎన్నుకుంటారు. ఏ నవల చదవాలో కూడా వాళ్ళే చేతులెత్తి తేలుస్తారు. నచ్చితే ఆకు కోసే కత్తులతో బల్లల మీద టకటకా కొడతారు. నచ్చకపోతే ఆ కత్తులే నేల మీద పడేస్తారు. ఆ చప్పుడు విన్నాక మర్నాడు పనిలోకి రావడానికి మొహం చెల్లనివాళ్ళున్నారు. నెరెయిదాకి ఆ గతి ఎప్పుడూ పట్టలేదు.

అక్కడ వినడమంటే నోరు మూసుకుని వినడం కాదు. ముందు వరసలో కూర్చునే ఎదెల్మీరా అయితే నవల్లో మనుషులతో ఏకంగా పోట్లాట పెట్టుకునేది.

“ఒసే పిచ్చిదానా, వాణ్ణి నమ్మకే! వాడికి పక్క ఊళ్ళో ఇంకో సంసారం ఉందే!” అని అరిచేది. హాలంతా ఘొల్లుమనేది. ఎదెల్మీరా నోరు విప్పుతుందని తెలిసిన చోట నెరెయిదా కావాలనే కాస్త ఆగేది. ఎదెల్మీరా కూతుర్ని చర్చిలో జ్ఞానస్నానానికి ఎత్తుకున్న జ్ఞానతల్లి నెరెయిదాయే. ఆ చుట్టరికంతో ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు.

ఇంతలో ఒస్నియెల్ అని కొత్త మేనేజరు దిగాడు. మాట తేనె. అలాంటివాళ్ళకి దూరం నుంచే ఒక దణ్ణం పెట్టి తప్పుకోవాలి, కానీ అతనే వెతుక్కుంటూ వచ్చాడు.

“నెరెయిదమ్మా, ఈ దుమ్ములో నీ గొంతు ఏమైపోతోందో చూసుకున్నావా? కొన్నాళ్ళు ఈ ఫోను ముందు కూర్చుని చదువు చాలు. ఆ తర్వాత నీ గొంతు నేర్చుకున్న కంప్యూటరు పెట్టే చదివేస్తుంది.”

“దానికి నా గొంతెందుకు నాయనా? దానికంటూ ఒకటి ఏడవలేదా?”

“నీ గొంతంటే జనానికి నమ్మకం అమ్మా.”

ఆ మాట దగ్గరే ఆవిడ మనసులో ఏదో కలుక్కుమంది. కానీ దగ్గు తెరలు తెరలుగా వచ్చే రోజులవి. ఒప్పుకుంది.

పెట్టెని అరుగు వెనక గోడకి, జనం మొక్కుకునే పునీతుడు లాసరో తండ్రి విగ్రహం పైన మేకు కొట్టి తగిలించారు. అది దగ్గదు, నీళ్ళడగదు. అచ్చం ఆవిడలాగే చదివింది. జనం కత్తులు టకటకలాడించారు. కింద ఆకు ఈనెలు తీసే పనిలో కూర్చున్న నెరెయిదాకి ఆ చప్పుడు చెంప మీద కొట్టినట్టే ఉంది. తన గొంతుకే తను సవతి అయిపోయింది.

కొన్నాళ్ళకి నవల సగంలో ఆగిపోయింది. ఆ కథ వింటూ చుట్టేవాళ్ళ చేతులు మందగిస్తున్నాయట, ఇక మీదట పెట్టె హుషారైనవి చదువుతుందట, ఆఫీసువాళ్ళ మాట. ఎవరు కనిపెట్టారు ఆ మందగింపు? ఆ తర్వాత ఎదెల్మీరా మోకాలినొప్పి వంకతో సెలవు పెట్టి మేనకోడలి పెళ్ళికి వెళ్ళొచ్చింది. ఆ సంగతి పక్క బల్ల ఆమె చెవిలో తప్ప ఎక్కడా అనలేదు. మర్నాడు ఒస్నియెల్ నవ్వుతూ వచ్చి, “పెళ్ళి భోజనానికి మోకాలినొప్పి తగ్గిందా? ఇంకోసారి ఇలా అయితే పని పోతుంది,” అన్నాడు.

హాలంతా అనుమానంతో ఉడికిపోయింది. మాటలు మోస్తున్నది ఎవరు? గోడ మీద మాట్లాడుతున్న గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. నెరెయిదా వస్తే కబుర్లు ఆగిపోయేవి. రొట్టెల కొట్టు ముందు వరసలో ఆవిడ వెనక నిలబడాల్సినవాళ్ళు చెప్పు సర్దుకునే వంకతో పక్కకి జరిగేవాళ్ళు. చివరికి ఎదెల్మీరాయే మొహం మీద అడిగేసింది.

“ఏం వదినా, మమ్మల్ని పట్టిచ్చినందుకు నీకేం తాయిలం పెట్టాడు?”

“నేనా? నీ బిడ్డని జ్ఞానస్నానానికి ఎత్తుకున్నదాన్ని!”

“అందుకేగా కడుపు మండుతోంది.”

నెరెయిదాకి ఏడుపొచ్చింది, దాన్ని మించి కోపమొచ్చింది. “నన్ను నమ్మొద్దులే. రేపు అందరూ తిండికి వెళ్ళాక నువ్వొక్కదానివే లాసరో తండ్రి ముందు నిలబడి ఏదో ఒక అబద్ధం పైకి మొక్కుకో. ఏం మొక్కావో నాకూ చెప్పకు, ఎవరికీ చెప్పకు. అప్పుడు చూద్దాం ఎవరు మోస్తున్నారో.”

ఎదెల్మీరా అలాగే చేసింది. కొవ్వొత్తి వెలిగించి, “తండ్రీ, నీ పీఠం కింద మేలిరకం ఆకు దాచాను, ఇంటికి పట్టుకెళ్ళేదాకా నువ్వే కాపాడు,” అని మొక్కుకుంది.

మర్నాడు పొద్దున్నే ఒస్నియెల్ ఇద్దరు కాపలావాళ్ళతో నేరుగా విగ్రహం దగ్గరికి నడిచాడు. చంకకర్రల మీద నిలబడ్డ ఆ ముసలి తండ్రిని, కాళ్ళ దగ్గర కుక్కల్ని, విగ్రహానికి గుడ్డ మార్చే మనిషి తప్ప ఎవరూ తాకరు. ఒస్నియెల్ కూడా ఆ ఊరి గాలి పీల్చినవాడే. సిలువ గుర్తు వేసుకుని, “క్షమించు తండ్రీ,” అని మరీ ఎత్తాడు. కింద మైనం మరకలు, దుమ్ము. కంగారులో ఒక కుక్క తోక విరిగింది.

ఎదెల్మీరా లేచి నిలబడింది. “ఆ మాట నేను తండ్రికి తప్ప ఎవరికీ చెప్పలేదు సారూ! ఆయనేమైనా లేచొచ్చి నీ చెవిలో ఊదాడా?”

అందరి తలలూ పెట్టె వైపు తిరిగాయి. ముందు ఒక కత్తి నేల మీద పడింది. ఆ వెంటే అన్నీ పడ్డాయి. పెట్టె మాత్రం నెరెయిదా గొంతుతో పేపరు చదువుతూనే ఉంది.

ఆ రోజే దాన్ని ఊడదీయించారు. ఒస్నియెల్ చంకన పెట్టుకుని ఆఫీసులోకి పట్టుకుపోయాడు. అందులో ఉన్న గొంతు ఏమైందని నెరెయిదా అడిగితే, “అది కంపెనీది కదమ్మా,” అన్నాడు తీయగా.

చేతులెత్తి ఆవిణ్ణే మళ్ళీ ఎన్నుకున్నారు. ఎదెల్మీరా అందరి ముందూ కావలించుకుని, “తప్పు పట్టుకోకు వదినా,” అని ఏడ్చింది. మధ్యాహ్నం నెరెయిదా అరుగెక్కి, సగంలో ఆగిన నవల తెరిచింది. ఆ మోసగాడు మళ్ళీ ఒట్టు పెట్టే చోటు వచ్చింది. ఆవిడ అలవాటుగా ఆగింది.

ఎదెల్మీరా నోరు తెరిచింది. గోడ మీద మిగిలిన మేకు వైపు చూసింది. తెరిచిన నోరు అలాగే మూసేసి, తల వంచుకుని ఆకు చుట్టసాగింది. ఆ గొంతు వినబడితే మాట మింగెయ్యడం అందరికీ అలవాటైపోయింది.

నెరెయిదా ఇంకాసేపు ఆగింది. పేజీ తిప్పింది.