చుక్కి పాలు తగ్గిన రోజులు

ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో ఏ డాబా ఎక్కినా ఎవరో ఒకరు గట్టిగా చదువుతూ కనిపించేవారు. పక్క డాబా మీద గ్రూప్స్‌కు తయారయ్యే అన్నలు రాజ్యాంగ అధికరణలు వల్లె వేస్తుంటే, మా డాబా మీద నేను ఆవులు, బర్రెల అండాశయాల గురించి అంతకంటే గట్టిగా వల్లె వేసేదాన్ని. రెండు నెలలు తిరిగేసరికి నాకు అధికరణలు, వాళ్లకు అండాశయాలు నోటికొచ్చాయి. (వాళ్లలో ఒకాయన ఇప్పుడు తహసీల్దారు. ఎక్కడ కలిసినా "ఇరవై ఒక్క రోజులే గద చెల్లె" అని పలకరిస్తాడు.) పశువైద్యం డిగ్రీ అప్పుడే చేతికొచ్చింది, సర్కారు పశువైద్యుల పోస్టుకు పరీక్ష రాయాలి. జనగామ పక్క పల్లె నుంచి వచ్చిన నాకు తెల్లకోటు ఒకటి, తెలివి ఒకటి ఉండేవి. రెండూ కొత్తవే, రెండూ ఒంటికి కాస్త వదులే.

నేను కిరాయికున్న ఇంటి ఓనరమ్మను గల్లీ అంతా క్యాలెండరమ్మ అనేవారు. నేను పెద్దమ్మ అనేదాన్ని. ఆమె వంటింటి గోడకున్న క్యాలెండరులో తిథులు, వర్జ్యాలు ఎవరు చూసేవారో నాకు తెలియదు. ఆమె మాత్రం ఆ గడుల్లో లోకం తనకు చేసిన అన్యాయాలన్నీ రాసుకునేది. నల్లా రాని రోజు, పనిమనిషి నాగా పెట్టిన రోజు, కరెంటు పోయిన రోజు, బంద్ రోజు (ఆ ఏళ్లలో బంద్‌లకు కరువు లేదు). అన్నిటికంటే పెద్ద నేరం పాలు తగ్గడం. దానికి ఎర్ర పెన్నుతో సున్నా. ఏడాదిన్నర మనవడికి ఒకే బర్రె పాలు పట్టాలని, నాలుగు బర్రెల పాలు కలిస్తే పిల్లవాడికి అరగవని ఆమె పట్టుదల. అందుకని రోజూ తెల్లవారగానే చిక్కడపల్లి వెనక సందులోని తబేలాకు చెంబుతో వెళ్లి, నుదుట తెల్లచుక్క ఉన్న చుక్కి అనే బర్రెను దగ్గరుండి పిండించుకునేది. చెంబు నిండకపోతే తబేలా నడిపే కాకకు ఆ పూట చీవాట్లు తప్పేవి కావు.

ఒక ఆదివారం ఆ కాకే దిగులుగా ఉన్నాడని పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుపోయింది. చుక్కి ఈని పది నెలలైంది, ఇంతవరకు మళ్లీ ఎదకు రాలేదు. ఎదకు రాకపోతే చూడి కట్టేదెట్లా? పట్నంలో చూడి కట్టని బర్రెను ఎవరూ మేపరు. పాలు ఎండిపోయేలోపే బేరగాడికి అప్పగిస్తారు, అది పోయేది ఏ మేత బీడుకూ కాదు. నేను కోటు తొడిగి, భుజం దాకా గ్లౌజు ఎక్కించి, పదిహేను మంది చూస్తుండగా చేయి పెట్టి చూశాను. అండాశయాలు రెండూ నున్నగా, చిన్నగా తగిలాయి. బర్రెల విషయంలో ఒక్కసారి చూసి తేల్చవద్దని, పది రోజులాగి మళ్లీ చూడాలని పుస్తకంలో ఉంది. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు, కింద రెండు రంగుల గీతలు కూడా గీశాను. కానీ పదిహేను మంది నోళ్లు తెరుచుకుని చూస్తుంటే పది రోజులాగి వస్తానని చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది. అండాశయాలు పనిచేయడం లేదని తీర్పు చెప్పేశాను.

"ఇంత సదువు సదివిన బిడ్డ చెప్పినంక ఇంకేముంది," అన్నాడు కాక. "శనివారం బేరగాడొస్తడు. ఇచ్చేస్త."

ఆ మాటకు చుక్కి మీద జాలేసింది గానీ, గర్వం మాత్రం తల ఎత్తుకునే ఇంటికొచ్చింది.

మర్నాడు పొద్దున పెద్దమ్మ పప్పు కడుగుతూ చుక్కి నేరాల చిట్టా విప్పింది. "పోతె పోనీ బిడ్డా. దొంగ బర్రె. మూడు వారాలకోపారి నా చెంబు ఎగ్గొట్టేది."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. మూడు వారాలకు ఒకసారి? లేచి గోడ దగ్గరకు పోయి కాగితాలు వెనక్కి తిప్పాను. ఒక ఎర్ర సున్నా నుంచి ఇంకో ఎర్ర సున్నాకు వేలితో లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. మళ్లీ ఇరవై ఒకటి. తర్వాత ఇరవై రెండు. బంద్ రోజులకూ వాటికీ సంబంధమే లేదు, ఎవరు బంద్ పిలిచినా చుక్కి తన లెక్క తాను నడుపుకుంది. బర్రెల్లో మూగ ఎద అని ఒకటుంటుంది. అరవదు, ఎగరదు, బయటికి పెద్దగా ఏ గుర్తూ చూపదు. ఆ ఒక్క పూట పాలు సరిగ్గా చేపదు, అంతే. నేను రెండు నెలలుగా డాబా మీద అరిచి చదువుతున్నది పెద్దమ్మ వంటింటి గోడ మీద అయిదు నెలలుగా ఎర్రగా రాసి ఉంది.

ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను. గుడ్డు విడుదలైన చోట ఒక చిన్న పసుపు ముద్ద తయారవుతుంది. అది పదహారు, పదిహేడు రోజులు గర్భసంచిని సిద్ధంగా ఉంచి, ఇంకో ఎద రాకుండా కాపలా కాస్తుంది. లోపలికి పిండం రాలేదని తెలియగానే గర్భసంచే ఆ ముద్దను కరిగించేస్తుంది, మళ్లీ ఎద మొదలవుతుంది. "అంటె కిరాయికి ఎవ్వరు రాకుంటె ఇల్లే వాచ్‌మన్‌ను ఎల్లగొడ్తదన్నట్టు," అంది పెద్దమ్మ. (అంత బాగా నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.)

ఇక మిగిలింది కాక ముందు నా తప్పు ఒప్పుకోవడం. నోరు మూసుకుంటే నా పరువు నిలుస్తుంది, చుక్కి పోతుంది. నిజం చెప్పాలంటే కాసేపు పరువు వైపే మొగ్గాను. చివరికి, "నేను తప్పు చెప్పిన పెద్దమ్మా," అన్నాను.

ఆమె క్యాలెండరును మేకు నుంచి తీసి చంకలో పెట్టుకుంది. "తప్పు చెప్పుడు తప్పు గాదు బిడ్డా. దిద్దుకోకుంటె తప్పు. నడు, చెప్పులేసుకో."

నారాయణగూడ వైపు పశువుల దవాఖానలో పనిచేసే పెద్ద డాక్టరు గారిని బతిమాలి మంగళవారం తబేలాకు తీసుకొచ్చాం. ఆయన చేయి పెట్టి, కళ్లు మూసుకుని, చాలాసేపటికి నవ్వారు. "పసుపు ముద్ద ఉన్నదమ్మా. బర్రె దాన్ని బఠాణీ గింజ లెక్క లోపల దాసుకుంటది. నీ చేతికి ఇంకో వంద బర్రెలు కావాలె." ఆ తర్వాత క్యాలెండరు తిరగేసి చూశారు. చివరి ఎర్ర సున్నా దాటి పన్నెండు రోజులు. ముద్ద బాగా ముదిరిన సమయం, ఒక్క సూదితో దాన్ని కరిగిస్తే మూడు నాలుగు రోజుల్లో ఎద వస్తుందన్నారు. సూది నా చేతే వేయించారు. కాక మాత్రం శనివారం మాట శనివారమే అన్నాడు.

బుధవారం చెంబు నిండింది. గురువారమూ నిండింది. నిండిన చెంబును చూసి పెద్దమ్మ ముఖం వేలాడేసుకోవడం నేను అప్పుడే చూశాను. శుక్రవారం తెల్లవారగానే మెట్ల మీద ఆయాసపడుతూ వచ్చి, సగం కూడా నిండని చెంబు నా ముఖం ముందు పెట్టింది. "తగ్గినయ్ బిడ్డా, పాలు తగ్గినయ్," అంది, మనవడు మొదటి అడుగు వేసినప్పటి గొంతుతో. పరుగెత్తాం. చుక్కి ఏమీ ఎరగనట్టు నెమరేస్తోంది, కానీ అది పడుకున్న చోట ఎదకు గుర్తుగా గాజులాంటి జిగట తీగ మెరుస్తోంది. ఆ సాయంత్రం డాక్టరు గారు పక్కనుండగా నేనే కృత్రిమ గర్భధారణ చేశాను. శనివారం వచ్చిన బేరగాడిని కాక చాయ్ తాగించి పంపేశాడు. "ఈ అమ్మలిద్దరు నన్ను బతకనియ్యరు. ఇరవై ఒక్క రోజులు సూస్త," అన్నాడట.

ఇరవై ఒకటో రోజు చెంబు నిండింది. పెద్దమ్మ అలవాటుగా ఎర్ర పెన్ను తీసి, గడి ముందు నిలబడి, రాయడానికేమీ లేక మూత పెట్టేసింది. మర్నాడూ అంతే. రెండు నెలలకు నేను చేయి పెట్టి చూసి చూడి కట్టిందన్నాను. అక్కర లేకపోయినా పది రోజులాగి మళ్లీ చూశాను.

పది నెలల పది రోజులకు చుక్కి పెయ్యదూడను ఈనింది. కాక ఆ చెంబులోనే జున్నుపాలు పోసి పంపాడు. నా ఉద్యోగపు ఉత్తర్వులు అప్పటికే వచ్చాయి గానీ, ఆ కాగితం చూసినప్పుడు కూడా నేనంత గర్వపడలేదు. జున్ను తింటూ ఏడ్చాను, సిగ్గు లేకుండా రెండోసారి పెట్టించుకున్నాను కూడా. ఇల్లు ఖాళీ చేసే రోజు క్యాలెండరులో ఆ నెల కాగితం ఇమ్మని అడిగాను.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు స్కానింగు మిషన్లతో వస్తారు. ముందు ఆ బర్రె గలవాళ్ల వంటింటి గోడ చూసి రమ్మంటే నవ్వుతారు, చూసొచ్చాక నవ్వరు. ఆ కాగితం నా బల్ల సొరుగులో ఉంది. అన్యాయాలు తప్ప ఏమీ రాయని ఆ ఎర్ర పెన్ను ఒక గడిలో ఇట్లా రాసింది: "చుక్కి ఈనింది. పెయ్య. మా డాక్టరమ్మ పుణ్యం." దాని కిందే, "నల్లా రాలే." ఎప్పుడైనా తెలివి తలకెక్కినట్టనిపిస్తే సొరుగు తీసి ఆ రెండు లైన్లూ చదువుకుంటాను. పదిహేను మంది ముందు తీర్పు చెప్పిన ఆ పిల్ల మీద ఇప్పుడు కోపం రాదు, నవ్వొస్తుంది. ఆ తెల్లకోటును కూడా పారేయలేదు, మొన్న తొడిగి చూస్తే బొత్తాలు పట్టలేదు.