ఊరికి ఇచ్చిన గడువు

నాకు కోపం ఎక్కువ. వార్డులో అందరికీ తెలుసు. తొంభై దాటిన ఆ తెల్లాయన చేతికి పెట్టిన సూదిని మళ్లీ పీకేసుకున్నప్పుడు, "ఈయనకి నేనే దొరికానా!" అని తెలుగులోనే విసుక్కున్నాను. ఇంగ్లండులో, ఈ షెఫీల్డ్ ఆసుపత్రిలో, మా వార్డులో నాతో తెలుగు మాట్లాడేది కరీంనగర్ నర్సు ఒక్కతే.

"పొద్దుగాల్నుంచి గిదే లొల్లి అక్కా. సెడేషన్ రాసియ్యరాదు," అంది.

రాయడం నిమిషం పని. కానీ ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకింది, ఏ మందుకూ లొంగడం లేదు. మత్తిస్తే ఇక లేవడు. కూతురు ఎడిన్‌బర్గ్ నుంచి రైల్లో వస్తోంది. "నేనొచ్చేదాకా మెలకువగా ఉంచండి. ఆయన నోట ఒక్క మాట వింటే చాలు," అని ఫోన్లో ఒకటే బతిమాలింది.

మంచం పక్కన కూర్చున్నాను. మీరు ఆసుపత్రిలో ఉన్నారు, నేను మీ డాక్టర్ని అని చెప్పాను. వింటేగా! నన్ను తేరిపార చూసి, తన మాటని ఇంకో భాషలో చెప్పే మనిషిననుకున్నాడేమో, "దుబాసీవి నువ్వేనా? ఇంతసేపూ ఎక్కడ చచ్చావ్?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

జ్వరంలో ముక్కలుముక్కలుగా అంటున్నవన్నీ కలుపుకుంటే సంగతి తెలిసింది. కుర్రతనంలో ఆయన బ్రిటిష్‌వాళ్లేలిన ఒక దేశంలో వాళ్ల తరఫు సైనికుడు. అక్కడి జనం తిరగబడ్డారు. ప్రభుత్వం సభలు ఆపించింది, కర్ఫ్యూ పెట్టింది, జైళ్లు నింపింది. అయినా అణగకపోయేసరికి, తిరుగుబాటుదార్లకు అన్నం పెట్టారని ఒక ఊరిని తగలబెట్టమంది. అన్నం పెట్టినందుకు ఊరికి ఊరే! ఏ ఊరని అడిగితే చెప్పలేకపోయాడు.

"పది నిమిషాలు టైమిచ్చాం. బయటికి రమ్మని చెప్పు వాళ్లకి," అంటూ నా చెయ్యి పట్టుకు లాగాడు.

చెప్పకపోతే మళ్లీ సూది పీకేస్తాడు. ఛీ, ఇదేం ఖర్మ అనుకుంటూనే ఎదుటి తలుపు వైపు తిరిగి తెలుగులో కేకేశాను. "బయటికి రండమ్మా! ఇళ్లు తగలబెడతారంట. సామాను పోతే పోయింది, పిల్లల్నెత్తుకుని వచ్చెయ్యండి!" ఏదో నాటకంలా మొదలుపెట్టానా, చివరికొచ్చేసరికి నిజంగానే అరుస్తున్నాను. మా గుంటూరు వాళ్లనే పిలుస్తున్నట్టు అనిపించింది.

ఆయన శాంతించాడు. చాలాసేపు తలుపు వైపు చూశాడు. తర్వాత మతి కుదుటపడ్డ మనిషిలా మెల్లగా అన్నాడు: "ఆ రోజు మాతో దుబాసీ లేడు. మేం ఇంగ్లీషులోనే అరిచాం."

చెయ్యి విదిలించుకుని లేచాను. నాకు జాలి వెయ్యలేదు, నిజం చెబుతున్నాను. అసహ్యం వేసింది. మత్తు రాసేసి వెళ్లిపోదామనుకున్నాను. అంతలో కూతురు పరుగున వచ్చింది. "డాడ్, నేనూ," అంటూ చెంప నిమిరింది. ఆయన గుర్తుపట్టలేదు.

"టైమైపోతోంది. మళ్లీ చెప్పు," అన్నాడు నాతో.

"ఏం చెప్పమంటున్నారు?" అందామె. నేను అక్కణ్ణుంచి కదలబోయాను. "ఏదైతేనేం, ఆయన అడుగుతున్నారుగా. ప్లీజ్ డాక్టర్, చెప్పండి," అని ఏడ్చింది.

చెప్పాను. ఎవరూ రారని తెలిసీ, గొంతు పోయేదాకా పిలిచాను. తన చెయ్యి కూతురి చేతిలోనే ఉన్నా, ఆయన ఒక్కసారి కూడా ఆమె వైపు తిరగలేదు. తలుపు వైపే చూస్తూ పోయాడు.